వకుళ వాకిట్లో ఒక్క దీపం

ఎండ 112వ రోజు

చూసిన వాకిలి: వకుళది. ఎన్నిసార్లు: పద్నాలుగు. ఎందుకు: ఆఫీసు పని.

మూడో గడిలో రాసింది అబద్ధం. ఈ పుస్తకం ఎవరూ చదవరు కాబట్టి ఇక్కడే చెప్పేస్తున్నాను. మా చూపుల ఆఫీసులో పరిశీలకులందరూ రోజూ తాము ఎవరి వాకిలి చూశారో, ఎన్నిసార్లు చూశారో, ఎందుకు చూశారో కాగితం మీద చేత్తో రాయాలి. చేత్తో రాయాల్సి వస్తే మనిషి చూడటం తగ్గిస్తాడని ఎవరో మహానుభావుడు కనిపెట్టాడట. ఏడాది చివర ఈ పుస్తకాలన్నీ గోతాంలో కట్టి అటక మీద పడేస్తారు. నిరుడు నేను మధ్యలో రెండు పేజీలు గోంగూర నిలవ పచ్చడి పెట్టే పద్ధతి రాశాను. ఒక్కరు అడిగితే ఒట్టు.

మా ఊరు నీడపల్లి. ఊరంతటి మీదా ఒకటే పందిరి. పొద్దున ఎనిమిదింటికి తలుపులు వాటంతటవే బిగుసుకుంటాయి, సాయంత్రం ఆరింటికి తెరుచుకుంటాయి. ఆ మధ్యలో బయట తిరిగితే పందిరి కిందైనా ప్రాణాలు దక్కవు. ఒక కూలరు ఒక మనిషికే చాలుతుంది కాబట్టి గదికొకరం. పగలంతా ఎవరి గదిలో వాళ్ళం కూర్చుని, గోడ అద్దంలో ఒకరి గది ఒకరం చూసుకుంటాం. అద్దంలో తెరుచుకునే ఆ గదినే వాకిలి అంటాం. ఎవరు ఏం వండారు, ఏం పాడారు, ఎవరి మీద విసుక్కున్నారు, అన్నీ అందులోనే. తామే మాట రాసి పంపితే తప్ప చూసినవాళ్ళ పేరు కనబడదు. ఒక్కో మనిషికి ఆ వాకిట్లో ఆ రోజుకి ఒక్క దీపం వెలుగుతుంది, కింద మొదట చూసిన వేళ పడుతుంది. అర్ధరాత్రి అన్నీ ఆరిపోతాయి.

నా వాకిలి ఒక ఖాళీ గోడ వైపు తిప్పి ఉంటుంది, అందులో నేను పడను. దీపాలు ఉండవు. ఈ పుస్తకంలో దానికి గడి కూడా లేదు.

ఎండ 114వ రోజు

చూసిన వాకిలి: వకుళది. ఎన్నిసార్లు: ఇరవై ఒకటి. ఎందుకు: ఆఫీసు పని.

ఒకే వాకిలిని నెల రోజులపాటు రోజుకి నలభైసార్లకు మించి చూసినవాడి మీద ఫైలు తయారవుతుంది. అది మా దగ్గరికి వస్తుంది. అందులో పేర్లుండవు. ఎప్పుడు చూశాడు, ఎక్కడ ఆగాడు, ఒక్క మాటన్నా రాశాడా లేదా, అంతే ఉంటుంది. దాన్ని బట్టి ఆ చూపులో మసక ఉందో లేదో మేం తేల్చాలి. మసకలు మూడు. అవతలి వాళ్ళు తన గురించి ఏమనుకుంటున్నారో ఏరుకోవడానికి చూస్తే గొప్ప మసక. అవతలి వాళ్ళని ఎక్కడ పట్టి తిప్పచ్చో వెతుకుతూ చూస్తే ఎత్తుగడ మసక. అవతలి వాళ్ళు ఏడుస్తుంటే కదలకుండా చూస్తే రాతి మసక. మసక ఉందని మేం రాస్తే మూడేళ్ళు తెర పడుతుంది. ఆ వాకిలి ఇక కనబడదు. నీ చూపు మసక అని ఇంటికి నోటీసు వెళ్తుంది. ఆ వాకిలి మనిషికి మాత్రం ఏమీ చెప్పరు, భయపడతారని.

పక్క బల్ల సుందరం ఇవాళ ఒక ఫైలు పట్టుకుని తెగ ఇదైపోయాడు. సాయంత్రం ఆరున్నర నుంచి తొమ్మిదింటి దాకా మా ఆఫీసు. కుర్రాడిలా కనిపిస్తాడు గానీ నలభై దాటాయి, నన్ను అక్కా అంటాడు.

"అక్కా, ఈయన రోజూ అరవైసార్లు చూస్తన్నాడు. ఒక్క ముక్క రాయలా. రాతి మసకేనంటావా?"

"ఎక్కడ ఆగుతున్నాడు?"

"ఆమె బట్టలు ఆరేసుకునే తాడు దగ్గర."

"తాడు మీద మగవాళ్ళ చొక్కా ఉందా అని చూస్తున్నాడు. ఎత్తుగడ అని రాయి."

సుందరం నోరు తెరిచి నన్ను చూశాడు. ఇన్నేళ్ళ అనుభవం అంటాడు నా గురించి అందరితో. అనుభవమే మరి. నేనూ ఒకప్పుడు తాడు చూసినదాన్నే.

పరిశీలకుల మీద మాత్రం ఫైలు తయారవదు. మేం ఎంత చూసినా అది ఉద్యోగం కింద పోతుంది.

ఎండ 117వ రోజు

చూసిన వాకిలి: వకుళది. ఎన్నిసార్లు: ముప్ఫై. ఎందుకు: ఆఫీసు పని అని ఇంకెన్నిసార్లు రాయను?

వకుళ నాకు పదకొండేళ్ళు పక్కగది మనిషి. రెండు గదుల మధ్య గోడలో చేయి పట్టేంత కిటికీ ఉండేది. అందులోంచి కూర గిన్నెలు అటూ ఇటూ పోయేవి. ఎవరి అద్దం వాళ్ళకున్నా మేం ఆ కిటికీ దగ్గరే చెరోవైపు పీట వేసుకుని కూర్చునేవాళ్ళం. సాయంత్రం తలుపులు తెరుచుకోగానే కలిసి నడిచేవాళ్ళం. ఆమె ఎవరితోనన్నా రెండు నిమిషాలు ఎక్కువ మాట్లాడితే నాకు అన్నం సయించేది కాదు. ఏం మాట్లాడావు, ఎందుకు నవ్వావు అని అడిగేదాన్ని. ఆరేళ్ళ కిందట ఒక సాయంత్రం ఆమె, "నువ్వు నన్ను ఊపిరాడనియ్యవే నాంచారీ," అంది. ఆ వారమే మూడో వరసలో గది మార్పించుకుని వెళ్ళిపోయింది. కిటికీ పలక వేసి మూసేశారు. పక్కగదిలోకి ఎవరూ రాలేదు.

ఇక ఇది రాయాలి. రెండేళ్ళ కిందటి వరకూ వకుళ వాకిట్లో రోజుకి తొమ్మిది దీపాలు వెలిగేవి. అందులో ఒకటి నాది. తక్కిన ఎనిమిదిలో ఇద్దరు పోయారు. ముగ్గురు విసుగు పుట్టి మానేశారు. మిగతా ముగ్గురికి తెర వేసింది నేను. వాళ్ళ ఫైళ్ళు నా బల్ల మీదికే వచ్చాయి. పేర్లు లేకపోతేనేం, ఆ వాకిట్లో ఏ మూల ఏముందో నాకు తెలుసు, అది వకుళదేనని రెండు నిమిషాల్లో పోల్చుకున్నాను. ఒకరు ఆమె దగ్గర కుట్టుపని నేర్చుకున్న అమ్మాయి. ఒకరు ఎదురుగది ముసలాయన, ఆమె పాట వినడానికే వచ్చేవాడు. మూడోవాడు ఆమె తమ్ముడు చెంచయ్య.

చెంచయ్య ఇక్కడికి తొంభై కిలోమీటర్ల దూరాన రాతిపందిరి ఊళ్ళో పలకలు బిగించే పని చేస్తాడు. వాళ్ళమ్మ పోయినప్పుడు పందిరి మీద ఉండిపోయి రాలేకపోయాడు. ఆ సిగ్గుతో అక్కకి మళ్ళీ ఒక్క మాట రాయలేదు. ఆమెకీ పౌరుషమే, ఆమె కూడా పిలవలేదు. చూడటం మాత్రం మానలేదు, రోజూ పొద్దున ఏడింటికి మొదలుపెట్టి యాభైసార్లు వచ్చి చూసేవాడు. అది వాళ్ళమ్మ కాఫీ కలిపే వేళట, ఇప్పుడు వకుళ కలిపే వేళ. అమ్మ ఫోటో దగ్గర నాలుగు నిమిషాలు ఆగేవాడు. ఆ ఫైలు చదివినప్పుడు అతనెవరో నాకు తెలుసు. అతని చూపులో ఏ మసకా లేదనీ తెలుసు. రాతి మసక అని రాసి సంతకం పెట్టాను.

మర్నాటి నుంచి ఏడింటి దీపం చోటు ఖాళీ అయింది. ఆ చోటు నాకు కావాలనిపించింది. అప్పటిదాకా తొమ్మిదింటికి మొదలుపెట్టేదాన్ని, ఏడింటికి మార్చుకున్నాను.

ఎండ 120వ రోజు

చూసిన వాకిలి: వకుళది. ఎన్నిసార్లు: తొమ్మిది.

పై ఊరి నుంచి తనిఖీ వస్తోందట. ఈసారి పరిశీలకుల చూపులు కూడా చూస్తారట. 130వ రోజున వచ్చి, ఆ రోజుతో కలిపి వెనకటి పది రోజులే చూసి వెళ్తారట. ఇటువంటి తెలివైన తనిఖీ మా వాళ్ళకే చెల్లింది. సుందరం హాయిగా ఈల వేస్తున్నాడు, అతను చూసేదల్లా ఎవరో చేపల పులుసు వండే ఆవిడని.

పది రోజులు చూడకూడదు. అంతే కదా. పదకొండేళ్ళు పక్కన ఉండి, ఆరేళ్ళు దూరంగా ఉన్నదాన్ని, పది రోజులు ఒక లెక్కా.

ఎండ 124వ రోజు

చూసినవి: లేవు.

లెక్కే. పొద్దున ఏడింటికి చేయి దానంతటదే అద్దం మీదికి పోతోంది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటున్నాను. గది ఇంత చిన్నదని నాకిన్నాళ్ళూ తెలియలేదు. కూలరు చప్పుడు ఒకటే. వంట చేసి, తిని, గిన్నె కడిగి, టైము చూస్తే తొమ్మిదిన్నర. ఇవాళ మూసేసిన కిటికీ పలక మీద తట్టాను. అవతల ఎవరూ లేరని తెలిసే తట్టాను.

ఏడుపొచ్చింది. ఇది కూడా గడిలో పట్టదు.

ఎండ 131వ రోజు

చూసిన వాకిలి: వకుళది. ఎన్నిసార్లు: లెక్క పెట్టలేదు.

తనిఖీవాళ్ళు నిన్న వచ్చి, మజ్జిగ తాగి, అంతా బాగుందని సంతకాలు పెట్టి వెళ్ళారు. ఇవాళ పొద్దున ఏడు ఎప్పుడవుతుందా అని నాలుగింటి నుంచి కూర్చున్నాను.

వాకిలి తెరిచాను. మంచం మీద రేకుపెట్టె తెరిచి ఉంది. మడత పెట్టిన నాలుగు చీరలు, ఆయాసం మందు సీసా, అమ్మ ఫోటో గుడ్డలో చుట్టి. గోడకి ఉప్పుబీడు కాగితం అంటించి ఉంది. పేరు: వకుళ. బయలుదేరేది: 140వ రోజు, నీళ్ళ బండి మీద.

ఉప్పుబీడులో పందిరి లేదు. సూర్యపలకల కాపలాకి రెండేళ్ళ కోసం మనుషులను తీసుకెళ్తారు. వాకిళ్ళు అక్కడికి అందవు. ఇక తమకెవరూ లేరనుకున్నవాళ్ళే పేరిస్తారు. పోయినసారి పదకొండు మంది వెళ్తే ఎనిమిది మంది తిరిగొచ్చారు, వాళ్ళు గట్టివాళ్ళు. వకుళ మూడు మెట్లెక్కితే రొప్పుతుంది.

పది రోజులుగా ఆమె వాకిట్లో ఒక్క దీపం కూడా వెలగలేదు. అది చేసింది నేను. ఒకటొకటిగా అన్నీ ఆర్పి, చివరికి తనిఖీకి భయపడి నా దాన్ని కూడా ఆర్పుకున్నాను.

ఇవాళ వెలిగిన దీపాన్ని ఆమె సాయంత్రం దాకా గమనించలేదు. గమనించి, చాలాసేపు దాని ముందే నిలబడింది.

ఎండ 132వ రోజు

చూసిన వాకిలి: వకుళది.

పొద్దున ఏడింటికి ఆమె కాఫీ గ్లాసు పట్టుకుని సరిగ్గా అద్దానికి ఎదురుగా కూర్చుని ఉంది. ఆరేళ్ళలో మొదటిసారి ఆమె కళ్ళు నా వైపు ఉన్నాయి. అవి నా కోసం కాదని మరుక్షణమే తెలిసింది.

"చెంచయ్యా, నువ్వేనని నాకు తెలుసురా. ఏడింటికి వచ్చేది ఇంకెవరు? రెండేళ్ళ నుంచి మిగిలింది నీ దీపమొక్కటే. పది రోజులు రాకపోతే ఏమైపోయావో అనుకున్నా. వాడు కూడా విసిగిపోయాడు, ఇంకెవరి కోసంలే అని ఉప్పుబీడుకి పేరిచ్చా. నువ్వుంటే నేనెక్కడికీ పోనురా. మాట రాయడానికి నీకు సిగ్గు, నాకు తెలుసు. రాయమాక. రేపు ఏడింటికి కాకుండా ఏడున్నరకు రా. అప్పుడు నా మాట నీకు చేరినట్టే."

గ్లాసు నా చేతిలో చల్లారిపోయింది. ఆమె కాఫీ పెట్టుకున్నప్పుడల్లా నేనూ పెట్టుకుంటాను, ఈ సంగతి కూడా రాసేస్తున్నాను. రెండేళ్ళుగా ఆమె పొద్దున్నే జుట్టు దువ్వుకుని, బొట్టు పెట్టుకుని, వాకిలి ముందు కాఫీ కలిపింది తమ్ముడి కోసం. నేను నాకోసమే అన్నంత సంబరంగా చూశాను.

ఎండ 133వ రోజు

చూసిన వాకిలి: వకుళది. మొదటి చూపు: ఏడున్నరకు.

అవును, ఏడున్నరకే వెలిగించాను. ఏడింటి నుంచి అరగంట గోడ వైపు తిరిగి కూర్చుని, ఏడున్నరకు వెలిగించాను. ఆమెని ఆపాలి కదా అని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమే. ఆమె ముఖంలో ఆ వెలుగు ఒక్కసారి చూడాలన్నది కూడా నిజం.

చూశాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ తర్వాత నవ్వింది. పెట్టెలోంచి చీరలు తీసి తాడు మీద వేసింది. ఉప్పుబీడు కాగితం మాత్రం గోడకి అలాగే ఉంచింది.

ఎండ 135వ రోజు

చూసిన వాకిలి: వకుళది.

మూడు రోజులుగా ఆమె మాట్లాడుతూనే ఉంది. అమ్మ చివరి రోజు సంగతి చెప్పింది. "నిన్ను తిట్టుకోలేదురా అమ్మ. పందిరి మీద వాడికి నీళ్ళున్నాయా అని అడిగింది, అంతే," అంది. అది చెంచయ్య వినాల్సిన మాట. తొంభై కిలోమీటర్ల అవతల ఆ మనిషి తన చూపు రాయి అని నోటీసు పెట్టుకుని బతుకుతున్నాడు. ఆ మాట నా చెవిలో పడింది.

తర్వాత నా మాట వచ్చింది. నా పేరు ఆమె నోట విని పీటమీంచి లేచి నిలబడ్డాను.

"నాంచారి గుర్తుందా నీకు? పక్కగదిలో ఉండేది. మంచిదేరా. కూర చేస్తే ముందు నాకు పెట్టేది. కానీ ఆమె చూస్తా ఉంటే నేను నాకు లేకుండా పోయేదాన్ని. నేను నవ్వినా ఏడ్చినా ఆమెకి లెక్క చెప్పాలా. నీ చూపు అట్టా ఉండదు. పొద్దున వచ్చి ఒక్కసారి చూసి పోతావు. నిన్ను తలుచుకుంటే నాకు ఊపిరాడుద్ది."

ఒక్కసారి. దీపం ఒక్కటే వెలుగుతుంది కాబట్టి ఆమెకి ఒక్కసారే. ఆ రోజు నేను అప్పటికే పందొమ్మిదిసార్లు చూసి ఉన్నాను.

ఆఖర్న ఆమె అంది, "నీళ్ళ బండి 140వ రోజున మీ ఊరి మీదుగానే వస్తది. ఎక్కి రా. టేసన్లో నిలబడతా. నువ్వు దిగితే ఇంటికి పోదాం. దిగలేదో, అదే బండెక్కి ఉప్పుబీడు పోతా. దీపాలతో మాట్లాడటం ఇంక నా వల్ల కాదురా."

బండి దిగడానికి నేను చెంచయ్యను కాను. ఈ అబద్ధానికి ఐదు రోజులే ఆయుష్షు. ఆ తర్వాత అది ఆమెని తీసుకుపోయి ఎండలో పెడుతుంది.

ఎండ 136వ రోజు

చూసినవి: లేవు. ఇది అబద్ధం కాదు.

సాయంత్రం ఆఫీసుకి వెళ్ళగానే మూడు ఫైళ్ళ నంబర్లూ ఈ పుస్తకమూ సుందరం బల్ల మీద పెట్టాను. చదవమన్నాను. అతను నిలబడి మొదలుపెట్టి, సగంలో కూర్చున్నాడు. అంతా అయ్యాక కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఏందక్కా ఇది. నేనేం చేసేది ఇట్టాంటివి చదివి?"

"తెరలు తీయించు. అక్క 140న స్టేషన్లో ఎదురుచూస్తుందని చెంచయ్యకి ఇవాళే కబురెళ్ళాలి. బండి అటునుంచి 140 పొద్దున బయలుదేరుతుంది."

"పొరపాటున పడ్డయ్యని రాస్తా. నీ పేరెందుకు మధ్యలో?"

"పొరపాటంటే నలభై రోజుల విచారణ. పరిశీలకురాలు తనే తప్పు ఒప్పుకుంటేనే తెర ఆ రోజుకారోజు లేస్తుంది. నువ్వు ఈ ఉద్యోగంలో చేరిన రోజు నీకు ఆ నియమం నేర్పింది నేనే."

సుందరం బీరువా తాళం తీశాడు. పరిశీలకుల మీద వాడే కాగితం అందులోంచి ఎప్పుడూ బయటికి తీయలేదు, అంచులు పసుపెక్కాయి. పేరు, నంబరు, చూసిన వాకిలి, అన్నీ నింపాను. మసకల దగ్గర మూడు గళ్ళున్నాయి.

"ఖాళీగా వదిలెయ్ అక్కా. ఇది మసక గాదు. ఒంటితనం."

"ఒంటితనం వల్ల చూశాను, నిజమే. ముగ్గురిని వెళ్ళగొట్టి వాళ్ళ చోట్లో కూర్చుంది ఒంటితనం కాదు సుందరం."

ఎత్తుగడ అన్న గడిలో గీత పెట్టాను. కాసేపు ఆలోచించి రాతి మసక గడిలో కూడా పెట్టాను. అమ్మ చివరి మాట చెప్తూ ఆమె ఏడుస్తుంటే నేను ఊపిరి బిగబట్టి, కదలకుండా, ఒక్క ముక్క వదలకుండా చూశాను. గొప్ప మసక గడిలో ఎందుకు పెట్టలేదంటే, గొప్పకి నా దగ్గర ఏమీ మిగల్లేదు.

పరిశీలకులకి పడే తెర మామూలుది కాదు. మూడేళ్ళు ఏ వాకిలీ కనబడదు, నాది తప్ప. ఉద్యోగం పోయింది, సోమవారం నుంచి పందిరి పలకలు కడిగే పని. తెర తీసినందుకు ఆ ముగ్గురికీ, జరిగినదాని గురించి వకుళకీ నా పేరుతో నోటీసు వెళ్తుంది. అయితే వకుళ నోటీసుకి పై సంతకం కావాలి, అది 140 సాయంత్రానికి గానీ చేతికి రాదట. సుందరం తనకి కావలసిన పేజీలు నకలు తీసుకుని పుస్తకం తిరిగిచ్చేశాడు. ఏడాది చివరిదాకా రాయాల్సిందేనట. నియమం.

"చెంచయ్య వస్తాడంటావా?" అని అడిగాను.

"నాకేం తెలుసక్కా. రెండేళ్ళు నీది రాతి చూపని చెప్పి, ఇవాళ కాదంటన్నాం. మనిషి ఏమనుకుంటాడో."

ఎండ 140వ రోజు

చూసినవి: లేవు.

సాయంత్రం ఆరుంపావుకి నీళ్ళ బండి కూత వినబడింది. స్టేషను ఇక్కడికి పది నిమిషాల నడక. చెప్పులేసుకుని గడప దాకా వెళ్ళాను. ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను? స్తంభం చాటున నిలబడి చూద్దామనుకుంటున్నానని తెలిసి నాకే అసహ్యమేసింది. వెనక్కి వచ్చి కూర్చున్నాను.

ఆరున్నరకి బండి వెళ్ళిపోయింది. ఆమె అందులో ఉందో లేదో నాకు తెలియదు. ఆరేళ్ళలో ఆమె ఎక్కడుందో కూడా నాకు తెలియని మొదటి సాయంత్రం ఇది. అద్దంలో నా ఖాళీ గోడ ఒక్కటే ఉంది. వకుళా, నువ్వు ఉండాలి, నన్ను ఎంత తిట్టుకున్నా సరే, నువ్వు ఇక్కడే ఉండాలి అని పైకే అన్నాను.

ఎండ 141వ రోజు

తలుపు తెరుచుకున్న పది నిమిషాలకి ఎవరో కొట్టారు.

వకుళ. అద్దంలో కంటే పొట్టిగా ఉంది. రొప్పుతోంది. వీధి చివర పలకల పనివాళ్ళు పెట్టుకునే వెడల్పు టోపీతో ఒక మనిషి ఇటు రాకుండా నిలబడి ఉన్నాడు. వాళ్ళక్క పోలిక. తలుపు పట్టుకుని నిలబడ్డాను.

"నోటీసు చదివా," అంది. లోపలికి రమ్మనలేకపోయాను, ఆమె రానూ లేదు.

"ఏడింటికి వచ్చేది నువ్వేనంట."

"నేనే."

"ఏడున్నరకి కూడా."

"నేనే వకుళా."

"అమ్మ మాటలన్నీ విన్నావు. నిన్ను గురించి చెప్పింది కూడా విన్నావు."

"విన్నా."

ఆమె ఊపిరి సర్దుకుంది. "నిన్న వీడు బండి దిగి, నాకేసి చూళ్ళేక తల వంచుకుని నిలబడ్డాడు. అక్కా, నా చూపు రాయంట, నీకేం కాలేదు గదా అని అడిగాడు. రెండేళ్ళు వాడు ఆ మాట పెట్టుకుని ఉన్నాడే. నాకు చేసిందానికి ఎట్టాగో ఓర్చుకుంటా. వాడికి చేసిందానికి నిన్ను క్షమించలేను."

"క్షమించమాక," అన్నాను. ఆ మాట నిజంగానే అన్నాను.

"మూడేళ్ళకి తెర తీస్తారంట గదా. తీసినాక మళ్ళా చూస్తావా?"

చూడను అనడం ఎంత తేలికో నాకు తెలుసు. "చూడనని మాటివ్వలేను. అబద్ధం నాకు బాగానే వచ్చు. నీ దగ్గర ఇంక ఆడదలుచుకోలా."

ఆమె వెళ్ళలేదు. నా ముఖం, నా చేతులు, నా వెనక గది, అన్నీ నెమ్మదిగా చూసింది. మూసేసిన కిటికీ పలక దాకా చూసింది. నాకు ఏం చేయాలో తోచలేదు. అలా ఎవరన్నా చూస్తే మనిషి ఎలా నిలబడాలో మర్చిపోయాను.

"తల పండిపోయింది నీకు," అంది.

"నువ్వు చూసి ఆరేళ్ళయిందిగా."

"మధ్యలో ఒకసారి చూశా. రెండేళ్ళ కింద, వీడి పుట్టినరోజు నాడు. పాయసం చేసుకుని, పెట్టేందుకు మనిషి లేక, నువ్వెట్టున్నావో చూద్దామని నీ వాకిలి తెరిచా. గోడ తప్ప ఏం లేదు. చానాసేపు కూర్చున్నా, వస్తావేమోనని." కొంగు సర్దుకుంది. "దీపం చూసుంటావు, పలకరించదలుచుకోలేదులే అనుకున్నా."

ఆమె వీధి చివరికి నడిచింది. తమ్ముడు ఆమె చేయి పట్టుకున్నాడు. ఇద్దరూ మెల్లగా మూడో వరస వైపు మలుపు తిరిగారు. నేను కనబడినంత మేరా చూడలేదు. మలుపుకి ముందే తలుపు వేసుకున్నాను.

చెంచయ్య పుట్టినరోజు నాడు ఆమె పాయసం చేసిన సంగతి నాకు బాగా గుర్తు. అటక మీది పాత పుస్తకంలో ఆ రోజుకి యాభై మూడుసార్లు అని రాసి ఉంటుంది. పొద్దుటి నుంచీ ఆమె వాకిలే చూస్తూ కూర్చున్నాను. గిన్నె దించి ఆమె అద్దం ముందు కూర్చోవడం కూడా చూశాను. ఎవరిని చూస్తోందో అని కడుపు మండిపోయింది. నా వాకిలి ఒక్కసారి తెరిచి చూసుకోలేదు. అర్ధరాత్రి నా వాకిట్లో ఆమె దీపం ఆరిపోయి ఉంటుంది.

చూసినవి: లేవు.

ఈ పుస్తకంలో మనం చూసినవాళ్ళకే గళ్ళున్నాయి, మనల్ని చూసినవాళ్ళకి లేవు. అందుకని ఈ కిందనే రాస్తున్నాను.

నన్ను చూసినది: వకుళ. ఎన్నిసార్లు: రెండు. ఎందుకు: ఒకసారి పాయసం పెట్టడానికి, ఒకసారి క్షమించలేనని చెప్పడానికి. మొదటిసారి నేను ఇంట్లోనే ఉన్నాను.